పలాస వ్యాపారి బెనిన్‌లో ఫ్యాక్టరీ పెట్టాలంటే ఏ లెక్కలు చూస్తాడు?

ఉత్తరాంధ్రలో పెద్ద ప్రాజెక్టు పేరెత్తితే చాలు, పక్కనే ‘విదేశీ పెట్టుబడి’ అన్న మాట వచ్చి చేరుతోంది. కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రం, మూలపేట రేవు, భోగాపురం విమానాశ్రయం... అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం. పద్దులు తీసి చూస్తే మూడూ మూడు దారులు.

రణస్థలం మండలం కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్నది ప్రతిపాదన. టెక్నాలజీ అమెరికాలోని వెస్టింగ్‌హౌస్‌ది, యజమాని మాత్రం మన ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌పీసీఐఎల్. అంటే విదేశీ కంపెనీ ఇక్కడ యంత్రాలు అమ్ముకునే వర్తకుడే తప్ప వాటాదారు కాదు. పైగా ఆ ప్రతిపాదన నలిగిన కాలమంతా అణువిద్యుత్తు విదేశీ పెట్టుబడికి నిషిద్ధ రంగాల జాబితాలోనే ఉంది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన నాలుగు బెర్తుల రేవు రాష్ట్ర మారిటైమ్ బోర్డుది, అదీ ఎక్కువగా అప్పు మీద కడుతున్నది. ఇక భోగాపురం. దాన్ని కడుతున్నది రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్. 2020లో ఫ్రాన్స్‌కు చెందిన గ్రూప్ ఏడీపీ జీఎంఆర్ ఎయిర్‌పోర్ట్స్‌లో 49 శాతం వాటాను 10,780 కోట్ల రూపాయలకు తీసుకుంది. ఇది అచ్చమైన విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి (ఎఫ్‌డీఐ). అయితే ఆ డబ్బులో ఎక్కువ భాగం వాటా అమ్మినవాళ్లకు చేరి గ్రూపు అప్పులు తగ్గించడానికి పనికొచ్చింది. భోగాపురంలో రన్‌వే కోసమని ఎవరూ పంపిన డబ్బు కాదది.

నిబంధన సూటిగానే ఉంటుంది. స్టాక్ మార్కెట్‌లో నమోదు కాని భారతీయ కంపెనీలో విదేశీయులు ఎంత వాటా తీసుకున్నా అది ప్రత్యక్ష పెట్టుబడే. నమోదైన కంపెనీలో అయితే 10 శాతం, ఆపైన ఉండాలి. దానికి తక్కువైతే పోర్ట్‌ఫోలియో పెట్టుబడి, అంటే పొద్దున కొని సాయంత్రం అమ్మేయగల రకం. ప్రత్యక్ష పెట్టుబడిలో మళ్లీ రెండు తీర్లు: ఖాళీ నేల మీద కొత్తగా కట్టేది ఒకటి, ఉన్న కంపెనీని కొనుక్కునేది ఇంకొకటి. ఊళ్లో ఉద్యోగాలు కావాలనుకునేవాళ్లకు మొదటిది కావాలి. పత్రికల్లో కనిపించే పెద్ద అంకెల్లో రెండోదీ కలిసి ఉంటుంది.

ఇంతకీ ఎవరైనా పరాయి దేశంలో ఎందుకు డబ్బు పెడతారు? ఇచ్చేవాడి కుర్చీలో కూర్చుని చూస్తే ఇది త్వరగా అర్థమవుతుంది. అందుకు మన దగ్గరే ఒక మంచి ఉదాహరణ ఉంది.

జీడిపిక్కల లెక్క

పలాస-కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలు ఏడాది పొడవునా నడవడానికి ఉద్దానం పిక్కలు చాలవు. ఐవరీ కోస్ట్, బెనిన్, ఘనా, టాంజానియాల నుంచి పిక్కలు దిగుమతి అవుతాయి. ఇన్నేళ్లూ కొనుక్కుంటే సరిపోయింది కాబట్టి అక్కడ ఫ్యాక్టరీ పెట్టాల్సిన పని పడలేదు. టెక్కలి నీలి గ్రానైట్ కూడా ఇంతే. విదేశీ కొనుగోలుదారు దిమ్మలు కొని ఓడెక్కించుకుంటాడు తప్ప ఇక్కడ క్వారీలో వాటా అడగడు. సరుకు ప్రమాణం కంటికి కనబడుతూ, బజారులో దొరుకుతున్నంతకాలం పెట్టుబడి పెట్టే తలనొప్పి ఎవరికీ అక్కర్లేదు. బ్రిటన్ ఆర్థికవేత్త జాన్ డన్నింగ్ ఈ విషయాన్నే మూడు ప్రశ్నలుగా విడగొట్టాడు. నీ దగ్గర ఇతరులకు లేని నేర్పో టెక్నాలజీనో ఉందా? దాన్ని ఆ దేశంలోనే వాడాల్సిన కారణం ఉందా? ఇంకొకరికి అప్పగించకుండా స్వయంగా చేస్తేనే లాభమా? మూడింటికీ అవును అన్నప్పుడే ప్రత్యక్ష పెట్టుబడి పుడుతుంది.

బెనిన్ ప్రభుత్వం రెండో జవాబును మార్చేసింది. 2024 ఏప్రిల్ 1 నుంచి ముడి జీడిపిక్కల ఎగుమతిని నిషేధించింది. రేవు నగరం కొటొనూకు సుమారు 45 కిలోమీటర్ల దూరంలో గ్లో-జిగ్బే పారిశ్రామిక వాడ కట్టించి, పప్పు తీసి పంపుకోండి అంది. ఇప్పుడు పలాస వ్యాపారి ఒకరు అక్కడికి వెళ్లాలనుకున్నారని అనుకుందాం. మన చట్టం అడ్డు రాదు. 2022 నాటి విదేశీ పెట్టుబడి నిబంధనల ప్రకారం భారతీయ కంపెనీ తన నికర విలువకు (ఆస్తుల్లోంచి అప్పులు పోగా మిగిలేదానికి) 400 శాతం దాకా రిజర్వ్ బ్యాంకు ముందస్తు అనుమతి లేకుండానే బయట పెట్టొచ్చు. మరి ఆయన కాగితం మీద ఏం వేసుకుంటారు?

మొదట బరువు. 80 కిలోల బస్తా పిక్కలకు 48 పౌండ్ల పప్పు, అంటే 22 కిలోలకు కాస్త తక్కువ, వస్తే మంచి సరుకే. తక్కినదంతా పెంకు, పొట్టు, తేమ. ఇరవై అడుగుల కంటెయినర్‌లో 200 బస్తాలు, 16 టన్నుల పిక్కలు పడతాయి. పప్పు డబ్బాల్లో కూడా అదే కంటెయినర్ దాదాపు 16 టన్నులు మోస్తుంది. అంటే నాలుగు కంటెయినర్ల పిక్కలు ఒక్క కంటెయినర్ పప్పుగా తేలతాయి. ఈ లెక్కొక్కటే చూస్తే ఫ్యాక్టరీ ఎప్పుడో ఆఫ్రికాకు వెళ్లిపోయి ఉండాలి. వెళ్లకపోవడానికి ఒక కారణం ఓడల్లోనే ఉంది. ఆసియా నుంచి సరుకు నింపుకుని ఆఫ్రికా చేరిన కంటెయినర్లు తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావాల్సి ఉంటుంది కాబట్టి ఆ దిశలో కిరాయి చౌక.

రెండో కారణం కూలి, అదీ రోజుకూలి కాదు, కిలోకు పడే కూలి. రోజుకు 500 రూపాయలు తీసుకునే మనిషి 10 కిలోల పప్పు ఒలిస్తే కిలోకు 50 పడింది. 300కే వచ్చే కొత్త మనిషి 5 కిలోలే ఒలిస్తే కిలోకు 60. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలే, కానీ నిజం ఈ దిక్కునే ఉంటుంది. దీని మీద పప్పు విరిగే నష్టం. టన్ను పప్పులో గుండు (విరగని పప్పు) 75 శాతం రావాల్సింది 65 శాతమే వచ్చి, గుండుకూ బద్దకూ కిలోకు 150 రూపాయల తేడా ఉంటే టన్నుకు 15,000 రూపాయలు గాలికి పోయినట్టే. పలాసలో తరాలుగా ఆడవాళ్ల చేతుల్లో ఉన్న ఒలుపుడు నేర్పును కొత్త దేశంలో తయారుచేసుకోవడానికి నెలలు కాదు, ఏళ్లు పడుతుంది. కూలి చౌక అని వెళ్లిన పెట్టుబడి బోర్లాపడేది ఎక్కువగా ఇక్కడే.

మూడోది వడ్డీ. పశ్చిమాఫ్రికాలో పంట ఫిబ్రవరి నుంచి జూన్ దాకా. ఏడాదికి సరిపడా పిక్కలు ఆ కాస్త కాలంలోనే కొని గోదాములో వేసుకోవాలి. సగటున 10 కోట్ల సరుకు ఆరు నెలలు నిలవుంటే 9 శాతం వడ్డీకి 45 లక్షలు, 12 శాతానికి 60 లక్షలు. ఫ్యాక్టరీ షెడ్డుకు ప్రభుత్వం ఇచ్చే రాయితీ ఈ ఒక్క తేడాలోనే కరిగిపోవచ్చు.

నాలుగోది డబ్బు విలువ. ఇక్కడ బెనిన్‌కు పెద్ద మొగ్గుంది. అక్కడి కరెన్సీ సీఎఫ్ఏ ఫ్రాంక్ యూరోతో ముడిపడి ఉంది: ఒక యూరోకు 655.957 ఫ్రాంకులు, 1999 నుంచి అదే రేటు. యూరప్‌కు అమ్ముకునేవాడికి మారకపు దిగులు దాదాపు ఉండదు. పక్క దేశం నైజీరియా నైరా ఏ స్థాయిలో పడిపోయిందో చూసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

ఐదోది సరుకు ఎక్కడ అమ్మాలి అన్నది. బెనిన్‌లో తీసిన పప్పును పలాసకే తెచ్చి అమ్ముదామంటే కుదరకపోవచ్చు. 2019లో మన దేశం దిగుమతి పప్పుకు కనీస ధరను పెంచింది. బద్దకు కిలో 680, గుండుకు 720 రూపాయలు. అంతకన్నా తక్కువకు రానివ్వదు. కాబట్టి యూరప్, అమెరికా కొనుగోలుదారులను ముందే పట్టుకోకుండా షెడ్డు కట్టడం అనవసరం.

చివరగా భయం. 2025 డిసెంబరులో బెనిన్‌లో సైనిక తిరుగుబాటు ప్రయత్నం జరిగి విఫలమైంది. ఆస్తి స్వాధీనం, యుద్ధం, డబ్బు బయటికి పోనివ్వకపోవడం లాంటి ముప్పులకు ప్రపంచ బ్యాంకు సంస్థ మిగా, మన ప్రభుత్వ ఎగుమతి రుణ బీమా సంస్థ ఈసీజీసీ బీమా ఇస్తాయి. ఆ ప్రీమియం కూడా ఖర్చులో కలుస్తుంది. అందుకే రాజకీయ స్థిరత్వాన్ని ఆర్థిక అంశం కాదని పక్కన పెట్టడం తప్పు. దానికీ ఏటా కట్టాల్సిన ధర ఉంది.

అదే కాగితం ఇటు తిప్పితే

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలను చూసే విదేశీ కంపెనీ వేసుకునే లెక్క కూడా ఇంచుమించు ఇదే. భూమి చౌక, మనుషులు దొరుకుతారు, ఎన్‌హెచ్ 16, హౌరా-చెన్నై రైలుమార్గం పక్కనే, విశాఖ రేవు దగ్గరే. ఇన్ని ఉండీ ఈ జిల్లాల నుంచి జనం వలస పోతూనే ఉన్నారంటే చౌకదనం ఒక్కటే పెట్టుబడిని లాగలేదని తేలిపోయినట్టే. కంపెనీ లెక్క చెడగొట్టేది ధర ఎక్కువ కావడం కన్నా, పదేళ్ల తర్వాత ధర ఎంతుంటుందో తెలియకపోవడం. ఎక్కువ ధరను అమ్మకపు ధరలో కలిపేసుకోవచ్చు. తెలియని ధరను కలపలేరు.

కరెంటు తీసుకోండి. బొబ్బిలి, గరివిడి చుట్టుపక్కల, ఉక్కు తయారీలో కలిపే ఫెర్రో అల్లాయ్స్ కొలిమిలకు ముడిసరుకు తర్వాత పెద్ద ఖర్చు అదే. టన్ను సిలికో మాంగనీసుకు సుమారు 4,000 యూనిట్లు, ఫెర్రో సిలికాన్‌కు 8,500 యూనిట్లకు పైమాటే. యూనిట్‌కు ఒక్క రూపాయి పెరిగితే టన్ను మీద 4,000 నుంచి 8,500 దాకా భారం. ఫెర్రో అల్లాయ్స్ ధర ప్రపంచ మార్కెట్ నిర్ణయిస్తుంది కాబట్టి ఆ భారం కొనేవాడి మీద వేయడానికి లేదు, కొలిమి ఆర్పేయడమే. ఏటా మారే టారిఫ్, సర్దుబాటు చార్జీల పేరుతో వెనకటి నెలలకు కూడా వచ్చే బిల్లులు... ఇలాంటి చోట 15 ఏళ్ల పెట్టుబడి పెట్టమంటే కంపెనీ ముందు అడిగేది రాయితీ కాదు, సొంత సౌర, పవన విద్యుత్తు తెచ్చుకోవడానికి అనుమతి, దాన్ని లైన్ల మీద తెచ్చుకోవడానికి కట్టే వీలింగ్ చార్జీలు మారవన్న హామీ.

ముడిసరుకు మీద ఆశతో వచ్చే పెట్టుబడి గతి ఏమవుతుందో ఉత్తరాంధ్ర కళ్లారా చూసింది. విశాఖ మన్యం బాక్సైట్‌ను నమ్ముకుని యూఏఈలోని రస్ అల్ ఖైమా ప్రభుత్వ పెట్టుబడి సంస్థ రాకియా 2007లో రాష్ట్రంతో ఒప్పందం చేసుకుంది. మాకవరపాలెం దగ్గర అన్‌రాక్ అల్యూమినియం శుద్ధి కర్మాగారం లేచింది. బాక్సైట్ మాత్రం రాలేదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదలాయించకూడదని 1/70 చట్టం ఉంది. ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు కూడా ఆ నిషేధం కిందికే వస్తుందని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దానికి పక్కదారిగా ప్రభుత్వ సంస్థ తవ్వి కంపెనీకి అమ్మే ఏర్పాటు అనుకున్నారు. గిరిజనులు ఒప్పుకోలేదు, ఒప్పందం 2016లో రద్దయింది. అదే ఏడాది రాకియా భారత్-యూఏఈ పెట్టుబడి రక్షణ ఒప్పందం కింద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. శృంగవరపుకోట దగ్గర జిందాల్ సంస్థ తలపెట్టిన అల్యూమినా కర్మాగారం కథ కూడా ఇదే. భూములు సేకరించారు, ఫ్యాక్టరీ లేవలేదు. ఇక్కడ గిరిజనుల హక్కును ‘అడ్డంకి’ అని రాసేవాళ్లున్నారు. చట్టం 1970 నుంచి, తీర్పు 1997 నుంచి ఉన్నాయి. ఇవ్వలేని సరుకును 2007లో రాసివ్వడమే అసలు తప్పు.

భూమి విషయంలోనూ అంతే. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రానికి వ్యతిరేకంగా లేచిన ఉద్యమంపై 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. ఆ రోజే పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. ఏడాది తిరక్కుండానే 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. రెండూ స్వదేశీ పెట్టుబడులే. కానీ బయటి బ్యాంకులు ఒక ప్రాంతానికి ముప్పు రేటు కట్టేటప్పుడు ఇలాంటివన్నీ చదువుతాయి. నీటి వనరు, చేపల వేట, పశువుల మేత ఉన్న నేలను ‘బంజరు’ అని రికార్డులో రాసినంత మాత్రాన అది ఖాళీ నేల అయిపోదు. ముందు ప్రజాభిప్రాయ సేకరణ నిజాయితీగా జరిగి ఉంటే పోయేది కొన్ని నెలలు మాత్రమే.

రూపాయి విలువ పతనం ఎవరిని దెబ్బతీస్తుందో, ఎవరికి కలిసొస్తుందో విడిగా చూడాలి. 2021లో డాలరు సుమారు 75 రూపాయలున్నప్పుడు ఒక కంపెనీ కోటి డాలర్లు తెచ్చి 75 కోట్లు పెట్టిందనుకోండి. ఏటా 12 శాతం, అంటే 9 కోట్లు మిగిలాయి. అప్పటి రేటుకు అది 12 లక్షల డాలర్లు. 2025 చివరికి డాలరు 90కి చేరింది. అదే 9 కోట్లు ఇప్పుడు 10 లక్షల డాలర్లు. ఇక్కడ ఏ తప్పూ చేయకుండానే యజమాని రాబడి 12 నుంచి 10 శాతానికి దిగింది. అసలు సొమ్ము విలువ తరుగు దీనికి అదనం. అందుకే దేశీయ మార్కెట్ కోసం వచ్చే కంపెనీలు ద్రవ్యోల్బణాన్ని, విదేశీ మారక నిల్వలను అంత శ్రద్ధగా చూస్తాయి. ఎగుమతిదారుడికి ఇదే పతనం లాభం. అయితే పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లాంటి చోట అమ్మకం డాలర్లలోనే అయినా, రసాయన ముడిసరుకులో చాలా భాగం చైనా నుంచి డాలర్లకే రావాలి. లాభం సగమే చేతికి వస్తుంది.

పైడిభీమవరం ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఒకే రకం ఫ్యాక్టరీలు ఒక చోట పోగైతే సాల్వెంట్లు సరఫరా చేసేవాళ్లు, రియాక్టర్లు బాగుచేసే ఫిట్టర్లు, నాణ్యత పరీక్షకులు, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీకి కాగితాలు సిద్ధం చేయగల కెమిస్టులు చుట్టూ చేరతారు. తర్వాత వచ్చేవాడికి ఇదంతా సిద్ధంగా దొరుకుతుంది. పన్ను రాయితీకన్నా ఇది బలమైన ఆకర్షణ. మందుల రంగంలో కొత్త ఫ్యాక్టరీకి నూటికి నూరు శాతం విదేశీ వాటాను నేరుగా తీసుకోవచ్చు. ఉన్న కంపెనీని కొనాలంటే 74 శాతం దాకానే ఆ వెసులుబాటు, ఆపైన ప్రభుత్వ అనుమతి కావాలి. ఉన్న ఫ్యాక్టరీ చేతులు మారడం కన్నా కొత్తది కట్టడమే మనకు కావాలన్న ఆలోచన ఈ నిబంధనలో కనిపిస్తుంది.

పన్ను గురించి అందరూ ఎక్కువ మాట్లాడతారు, అది చేసే పని మాత్రం తక్కువ. 2019లో కొత్త తయారీ కంపెనీలకు 15 శాతం పన్ను పెట్టారు. 2024 మార్చి 31లోగా ఉత్పత్తి మొదలుపెట్టాలన్న గడువుతో ఆ తలుపు మూసుకుంది. 75 కోట్ల యూరోల పైన టర్నోవర్ ఉన్న గ్రూపుల మీద చాలా దేశాలు 15 శాతం కనీస పన్ను అమల్లోకి తెచ్చాయి. ఇక్కడ పన్ను మినహాయిస్తే ఆ తేడాను వాళ్ల సొంత దేశమే వసూలు చేసుకోవచ్చు. అంటే మన మినహాయింపు కంపెనీకి కాకుండా ఇంకో దేశపు ఖజానాకు చేరుతుంది. పన్ను రేటు కన్నా చేటు చేసింది 2012లో చేసిన సవరణ, పాత లావాదేవీల మీద వెనక్కి వెళ్లి పన్ను వేయడం. దాన్ని వదులుకోవడానికి 2021 దాకా పట్టింది.

ప్రకటన నుంచి పొగగొట్టం దాకా

ఇల్లు అలకగానే పండగ కాదు. సదస్సులో సంతకమైన అవగాహన ఒప్పందం (ఎంవోయూ) చట్టం ముందు ఎవరినీ కట్టిపడేయదు. విశాఖలో డేటా సెంటర్‌కు 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో చెప్పింది. అది ఐదేళ్లలో పెట్టబోయే మొత్తం. ఏటా ఎంత దిగిందో, అందులో దిగుమతి యంత్రాల వాటా ఎంతో తర్వాత చూడాల్సిన లెక్కలు.

ఎంవోయూ తర్వాత రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక బోర్డు ఆమోదం, రాయితీల జీవో, రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ భూకేటాయింపు వస్తాయి. ఆ పైన పర్యావరణ అనుమతి. దానికి 2006 నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు నోటీసిచ్చి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కాలుష్య నియంత్రణ మండలి నుంచి నిర్మాణానికి ఒక సమ్మతి, నడపడానికి మరొకటి. ఎక్కువ ప్రాజెక్టులు చతికిలబడేది భూకేటాయింపుకూ పర్యావరణ అనుమతికీ మధ్య, లేదా అన్నీ వచ్చాక నీళ్లు, కరెంటు లైను రాకపోవడం దగ్గర. రాయితీ సొమ్ము జీవోలో ఉన్నా ఖజానా నుంచి ఏళ్ల తరబడి కదలకపోవడం ఇంకో జబ్బు. ఇది ఒక్క కంపెనీకి జరిగినా పదిమందికి తెలుస్తుంది.

డబ్బు నిజంగా వచ్చిందా అన్నది తేల్చేది మాత్రం రిజర్వ్ బ్యాంకు కాగితాలే. విదేశీ సొమ్ము ఖాతాలో పడ్డ 60 రోజుల్లోగా కంపెనీ వాటాలు కేటాయించాలి. కేటాయించిన 30 రోజుల్లోగా ఆ వివరాలు తెలిపే ఎఫ్‌సీ-జీపీఆర్ పత్రం రిజర్వ్ బ్యాంకు ఫర్మ్స్ పోర్టల్‌లో వేయాలి. వాటాలు ఇవ్వలేకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో డబ్బు వెనక్కి పంపాలి. చైనా లాంటి సరిహద్దు దేశాల నుంచి వచ్చే పెట్టుబడిపై 2020లో ప్రభుత్వ అనుమతి తప్పనిసరి షరతు పెట్టారు. యంత్రాలు, టెక్నాలజీ అటువైపు ఉన్న రంగాల్లో ఆలస్యానికి ఇదొక పెద్ద కారణం.

రాష్ట్రాలవారీ అంకెలు చదివేటప్పుడు కొంచెం జాగ్రత్త. 2019 అక్టోబరు దాకా ఈ లెక్కను రిజర్వ్ బ్యాంకు ప్రాంతీయ కార్యాలయాలవారీగా కట్టేవారు. హైదరాబాద్ కార్యాలయం పద్దులో రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసిపోయేవి. ఇప్పటికీ ముంబై చిరునామా ఉన్న కంపెనీ విజయనగరంలో ఫ్యాక్టరీ కడితే ఆ డబ్బు మన ఖాతాలో కనబడకపోవచ్చు. జిల్లా స్థాయి ఎఫ్‌డీఐ అని ఎవరైనా అంకె చెబితే అది ఎక్కడిదో అడగండి.

వచ్చిన డబ్బుతో పాటు పోయినది కూడా చూడాలి. రిజర్వ్ బ్యాంకు 2025 మేలో ఇచ్చిన లెక్కల ప్రకారం 2024-25లో దేశంలోకి సుమారు 8,100 కోట్ల డాలర్ల ప్రత్యక్ష పెట్టుబడి వచ్చింది. విదేశీ కంపెనీలు వాటాలు అమ్ముకుని, సొమ్ము వెనక్కి తీసుకుని 5,150 కోట్లు పట్టుకెళ్లాయి. మన కంపెనీలు బయట పెట్టినది సుమారు 2,920 కోట్లు. నికరంగా మిగిలింది 40 కోట్ల డాలర్ల లోపే. సులువుగా బయటికి పోనిచ్చే దేశానికే కొత్త డబ్బు వస్తుందన్న మాట నిజమే. అయినా స్థూలం 8,100, నికరం 40 లోపు అన్న రెండు అంకెల్లో ఏది హెడ్డింగ్ అవుతుందో ఊహించడం కష్టం కాదు.

స్థూల అంకెలో కూడా అంతా కొత్తగా విమానం దిగిన డబ్బు కాదు. ఇక్కడే సంపాదించి ఇక్కడే తిరిగి పెట్టిన లాభం కూడా ఎఫ్‌డీఐ కిందే లెక్క. విదేశీ వాటా ఉన్న ప్రతి కంపెనీ ఏటా జూలై 15లోగా రిజర్వ్ బ్యాంకుకు విదేశీ అప్పులు, ఆస్తుల వివరాలిచ్చే ఎఫ్‌ఎల్‌ఏ రిటర్న్ వేయాలి. ఎంత లాభం పంచారు, ఎంత ఇక్కడే ఉంచారు అన్నది ఆ పత్రం నుంచే లెక్కకు వస్తుంది.